హోలషోవిట్సే: ఒక చిన్న చెక్ గ్రామం - చరిత్ర, సమష్టి జీవనం

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. గ్రామం ఉనికి, అమరిక
4. పుట్టుక నుంచి ప్లేగు వరకు
5. మఠం, వెట్టి, రైతు విముక్తి
6. ఇంటి గోడలు చెప్పే చరిత్ర
7. గ్రామంలో సమష్టి జీవనం
8. ఇరవయ్యో శతాబ్దం: రెండోసారి ఖాళీ అయిన ఊరు
9. 1990 తరవాత: వారసత్వ గ్రామం, సజీవ గ్రామం
10. సారాంశం
11. ముఖ్య పదాలు
12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠం అధ్యయనం చేసిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

- మధ్య ఐరోపాలోని ఒక సంప్రదాయ గ్రామం అమరిక, అందులోని సామాజిక అంతరాలు
- వెట్టి రద్దు గ్రామ జీవితంలో తెచ్చిన మార్పులు
- పండుగలు, సంఘాలు, గ్రామ సంస్థలు ఊరిని ఒకటిగా నిలిపిన తీరు
- యుద్ధం, బహిష్కరణ, సమష్టి వ్యవసాయం గ్రామాలపై చూపిన ప్రభావం
- ఊరి కట్టడాలకూ, ఊరి మనుషులకూ ఉన్న సంబంధం

2. పరిచయం

గ్రామం అంటే ఏమిటి? ఇళ్లూ పొలాలూ ఉన్న చోటా? తరతరాలుగా కలిసి బతికిన మనుషులా? లేక ఆ మనుషులు ఏర్పరచుకున్న కట్టుబాట్లూ సంస్థలా? ఈ మూడూ కలిస్తేనే గ్రామం అని మనం సాధారణంగా సమాధానం చెబుతాం. మామూలు పరిస్థితుల్లో ఈ మూడింటినీ విడదీసి చూడవలసిన అవసరం రాదు.

అయితే కొన్ని ఊళ్ల చరిత్రలో ఈ మూడూ విడిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇళ్లు నిలిచాయి, మనుషులు పోయారు. కొత్త మనుషులు వచ్చారు, పాత కట్టుబాట్లు రాలేదు. అటువంటి ఊరిని పరిశీలిస్తే గ్రామ సమాజం గురించి మనం తేలికగా అనుకునే విషయాలను మళ్లీ ఆలోచించవలసి వస్తుంది. చెక్ రిపబ్లిక్ దక్షిణ భాగంలోని హోలషోవిట్సే అలాంటి గ్రామం. నూటయాభై మందికి మించని జనాభా గల ఈ ఊరు సుమారు ఏడు వందల ఏళ్ల కాలంలో రెండుసార్లు తన మనుషులను పోగొట్టుకుంది. ఒకసారి వ్యాధి వల్ల, మరొకసారి రాజకీయ నిర్ణయం వల్ల. అయినా 1998లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఎస్.సి. దూబే హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి రాసిన గ్రంథం 1955లో వెలువడింది. ఒకే ఊరిని దగ్గరగా చూసి, ఆ ఊరి ద్వారా విశాల సమాజాన్ని అర్థం చేసుకోవడం ఆ పద్ధతి. ఈ పాఠంలో అదే పద్ధతిని ఐరోపా గ్రామానికి వర్తింపజేస్తాం. అందుకు దస్తావేజులతోపాటు ఇళ్ల అమరికనూ, గోడలనూ, ఆచారాలనూ ఆధారాలుగా తీసుకుంటాం.

3. గ్రామం ఉనికి, అమరిక

చెక్ రిపబ్లిక్‌లో చారిత్రకంగా మూడు ప్రాంతాలు ఉన్నాయి. అవి బొహీమియా, మొరేవియా, సైలీషియాలో కొంత భాగం. హోలషోవిట్సే దక్షిణ బొహీమియాలో, చెస్కే బుడ్యేయోవిట్సే నగరానికి పడమటగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్ట్రియా సరిహద్దు ఇక్కడికి ఎంతో దూరం కాదు. చేపల చెరువులకూ, చిన్న కమతాలకూ ఈ ప్రాంతం పేరు పొందింది.

ఊరి మధ్య పొడవైన దీర్ఘ చతురస్రాకారపు ఖాళీ స్థలం ఉంటుంది. దీని పొడవు సుమారు 210 మీటర్లు, వెడల్పు 70 మీటర్లు. దీన్ని చెక్ భాషలో 'నావెస్' అంటారు. పచ్చిక, చెరువు, చిన్న ప్రార్థనా మందిరం, కమ్మరి కొలిమి ఇక్కడే ఉన్నాయి. ఈ స్థలం ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ. చెరువు నీరు పశువులకూ, బాతులకూ, అగ్నిప్రమాదం జరిగితే మంటలు ఆర్పడానికీ ఉపయోగపడేది.

నావెస్ చుట్టూ రైతుల ఇళ్లు వరుసగా ఉంటాయి. ప్రతి ఇల్లూ ఒకే పద్ధతిలో కట్టినది. ముందు వైపు ఒక పక్క నివాసం, మరో పక్క ధాన్యపు కొట్టు. రెండింటినీ కలుపుతూ కమాను గల పెద్ద ద్వారం. లోపల వాకిలి, పశువుల కొట్టం. వెనుక పనలూ గడ్డీ దాచుకునే పెద్ద కొట్టం. దాని వెనుక పెరటి తోట, ఆ తరవాత ఆ ఇంటి పొలం. అంటే ప్రతి కుటుంబమూ ముందు నుంచి ఊరితోనూ, వెనుక నుంచి తన భూమితోనూ ముడిపడి ఉంటుంది.

ఈ అమరిక మధ్యయుగం నుంచి పెద్దగా మారలేదు. ఇళ్లు కాలక్రమంలో కూలాయి, మళ్లీ లేచాయి. స్థలాల హద్దులు మాత్రం అలాగే ఉన్నాయి. 23 రైతు గృహాలు, వాటికి చెందిన సుమారు 120 కట్టడాలు నేడు రక్షణలో ఉన్నాయి.

4. పుట్టుక నుంచి ప్లేగు వరకు

పదమూడో శతాబ్దంలో బొహీమియా రాజులు, ప్రభువులు, మఠాలు అడవులు కొట్టించి కొత్త ఊళ్లు వేయించారు. స్థలాన్ని కొలిచి, సమాన భాగాలు చేసి, వచ్చిన రైతులకు పంచిపెట్టేవారు. రైతు ఆ భూమిని వంశపారంపర్యంగా సాగుచేసుకోవచ్చు. అందుకు ప్రతిగా ప్రభువుకు పన్నులు, సేవలు చెల్లించాలి. హోలషోవిట్సేలోని క్రమబద్ధమైన అమరికకు కారణం ఇదే. ఇది దానంతట అది పెరిగిన ఊరు కాదు, ఒక పథకం ప్రకారం వేసిన ఊరు.

ఈ గ్రామం పేరు దస్తావేజుల్లో మొదటిసారి 1263లో కనిపిస్తుంది. 1292లో రాజు రెండో వాట్స్లావ్ ఈ ఊరిని విష్షీ బ్రోద్ మఠానికి దానం చేశాడు. 1259లో స్థాపితమైన ఆ మఠం సిస్టెర్షియన్ సన్యాసులది. అప్పటి నుంచి 1848 వరకు, అంటే ఐదున్నర శతాబ్దాలకు పైగా, మఠమే ఈ ఊరికి ప్రభువు.

1520-1525 మధ్య ప్లేగు వ్యాపించింది. హోలషోవిట్సేలో ఇద్దరే ఇద్దరు బతికి బయటపడ్డారు. ఊరి పొలాలు దున్నేవాళ్లు లేక బీడుపడ్డాయి. పొలం బీడుపడితే మఠానికి ఆదాయం లేదు. అందువల్ల మఠం బవేరియా, ఆస్ట్రియా ప్రాంతాల నుంచి జర్మన్ మాట్లాడే రైతులను రప్పించి ఖాళీ ఇళ్లలో నిలిపింది. 1530 నాటి నమోదులో ఊరి జనాభా 17 మంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కొత్తగా వచ్చినవారు ఊరి అమరికను మార్చలేదు. పాత స్థలాల్లోనే ఇళ్లు కట్టుకున్నారు, పాత హద్దుల్లోనే దున్నుకున్నారు. మారినది భాష. చుట్టూ చెక్ మాట్లాడే పల్లెలు ఉండగా హోలషోవిట్సే క్రమంగా జర్మన్ మాట్లాడే ఊరైంది. 1895లో ఇక్కడ జర్మన్లు 157 మంది, చెక్కులు 19 మంది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక మహమ్మారి ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊరి భవితవ్యాన్ని నిర్ణయించింది. ఆ సంగతి ఎనిమిదో భాగంలో చూస్తాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) నావెస్ అంటే ఏమిటి? అది ఏయే అవసరాలకు ఉపయోగపడేది?
ఆ) ప్లేగు తరవాత మఠం కొత్త రైతులను ఎందుకు రప్పించింది?

5. మఠం, వెట్టి, రైతు విముక్తి

ప్రభువు పొలంలో రైతు కూలి లేకుండా చేయవలసిన పనిని చెక్ భాషలో 'రొబొట' అంటారు. మన భాషలో వెట్టి అని చెప్పుకోవచ్చు. వారానికి కొన్ని రోజులు రైతు తన ఎద్దులతోనో గుర్రాలతోనో ప్రభువు పొలానికి వెళ్లాలి. నాగలీ బండీ లేనివారు ఒంటి చాకిరీ చేయాలి. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకంలో మనుషుల కోసం పనిచేసే కృత్రిమ జీవులకు 'రోబో'లని పేరు పెట్టాడు. ఆ పేరు సూచించినవాడు అతని అన్న యోసెఫ్. నేడు ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట ఈ వెట్టి పదం నుంచే వచ్చింది.

1781లో చక్రవర్తి రెండో జోసెఫ్ వ్యక్తిగత దాస్యాన్ని రద్దు చేశాడు. అప్పటి నుంచి రైతు ప్రభువు అనుమతి లేకుండా పెళ్లి చేసుకోవచ్చు, ఊరు విడిచి వెళ్లవచ్చు, పిల్లలకు చేతిపని నేర్పించవచ్చు. కాని వెట్టి మాత్రం కొనసాగింది. 1848 విప్లవ సంవత్సరంలో వియన్నా శాసనసభలో రైతు బిడ్డ అయిన హాన్స్ కుద్లిచ్ వెట్టి రద్దుకు తీర్మానం ప్రవేశపెట్టాడు. సెప్టెంబరు 7న అది చట్టమైంది. బాకీల విలువను లెక్కకట్టి మూడు భాగాలు చేశారు. ఒక భాగం మాఫీ అయింది. ఒక భాగం ప్రభుత్వ పక్షం భరించింది. మిగిలిన భాగం రైతు చెల్లించాడు. ఆ తరవాత భూమి అతని సొంతమైంది.

1849 చట్టంతో గ్రామాలకు స్వపరిపాలన వచ్చింది. ఊరు తన ప్రతినిధులను ఎన్నుకోవడం మొదలైంది. గ్రామాధ్యక్షుణ్ణి 'స్తరోస్త' అంటారు. అయితే ఓటు హక్కు పన్ను చెల్లింపును బట్టి ఉండేది. భూమి లేనివారికి ఆ హక్కు దక్కలేదు. విముక్తి అందరికీ సమానంగా అందలేదన్న మాట.

గ్రామంలోని అంతరాలు

చెక్ గ్రామంలో భూమిని బట్టి స్థాయి ఏర్పడేది. పూర్తి కమతం గల రైతు 'సెద్లాక్'. చిన్న ఇల్లు, కొద్దిపాటి చెక్క గలవాడు 'ఖలుప్నీక్'. సొంత ఇల్లు లేక రైతు ఇంటిలోనే ఒక మూల తలదాచుకొని పనిచేసేవాడు 'పోద్రుహ్'. నావెస్ చుట్టూ ఠీవిగా నిలిచిన ఇళ్లు సెద్లాకులవి. కాబట్టి ఈ నాటి సందర్శకుడు చూసి ఆనందించే హోలషోవిట్సే ఆ ఊరి సంపన్నుల హోలషోవిట్సే. పోద్రుహుల బతుకు గోడల మీద రాసి లేదు.

కమతాన్ని ముక్కలు చేయకుండా ఒకే వారసుడికి ఇవ్వడం ఇక్కడి ఆచారం. మిగిలిన పిల్లలకు డబ్బు రూపంలో వాటా ఇచ్చేవారు. వారు వేరే ఇంటికి పెళ్లి చేసుకొని వెళ్లేవారు, లేదా పట్నం దారి పట్టేవారు. వృద్ధులైన తల్లిదండ్రులు కమతాన్ని అప్పగించేటప్పుడు ఒప్పందపత్రం రాయించుకునేవారు. తాము ఉండే గది, ఏటా ఇవ్వవలసిన ధాన్యం, పాలు, కట్టెలు అన్నీ అందులో లెక్కగా ఉండేవి. ఈ ఏర్పాటును 'వీమ్యెనెక్' అంటారు. కన్నబిడ్డతో కాగితం రాయించుకోవడం మనకు కఠినంగా తోచవచ్చు. కాని ముసలితనంలో పరాధీనత నుంచి కాపాడిన భద్రత అది.

6. ఇంటి గోడలు చెప్పే చరిత్ర

హోలషోవిట్సేకు ప్రపంచ ఖ్యాతి తెచ్చినవి ఇళ్ల ముఖాలు. ఏటవాలు కప్పు రెండు వైపుల మధ్య త్రికోణంగా లేచే పైగోడ వీధివైపు ఉంటుంది. ఆ గోడ అంచులను వంపులు తిప్పి, సున్నపు పూతతో తీగలు, పూలు, గవ్వ ఆకారాలు, మతచిహ్నాలు తీర్చి, లేత రంగులు వేశారు. చాలా గోడల మీద కట్టిన సంవత్సరం కూడా ఉంటుంది. ఈ శైలిని 'దక్షిణ బొహీమియా జానపద బరోక్' అంటారు.

బరోక్ శైలి నిజానికి పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల చర్చిలకూ రాజభవనాలకూ చెందినది. నగరాల్లో ఆ శైలి ముగిసిపోయిన తరవాత పందొమ్మిదో శతాబ్దంలో పల్లెల్లో వికసించడానికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది చట్టపరమైనది. కలప ఇళ్లు తరచుగా అగ్నికి ఆహుతి కావడంతో ప్రభుత్వం ఇటుక, రాతి కట్టడాలను ప్రోత్సహించింది. ఇటుక గోడకు సున్నపు పూత వేయాలి. పూత ఉంటే అలంకారానికి చోటు దొరుకుతుంది.

రెండోది ఆర్థికమైనది. వెట్టి పోయిన తరవాత తన శ్రమ ఫలం రైతుకే మిగిలింది. చేతిలో డబ్బు ఆడింది.

మూడోది సామాజికమైనది. తరతరాలుగా మఠానికి తలవంచిన రైతు ఇప్పుడు భూమికి యజమాని. ఆ గౌరవం నలుగురికీ కనిపించాలి. అందుకు అతనికి తెలిసిన ఘనమైన శైలి ఆ చుట్టుపక్కల చర్చిల్లో చూసిన బరోక్. ఊరి తాపీ మేస్త్రీలు దాన్ని తమ చేతి వాటానికి అనుగుణంగా మలిచారు.

నావెస్‌లోని చిన్న ప్రార్థనా మందిరం 1755లో కట్టినది. అది నెపోముక్ జాన్ అనే సాధువు పేరిట వెలిసింది. ఆయనను 1393లో ప్రాగ్‌లో వల్తావా నదిలో ముంచి చంపారు. 1729లో రోమన్ చర్చి ఆయనను సాధువుగా ప్రకటించింది. వంతెనలకూ, వరదల నుంచి రక్షణకూ ఆయనను తలచుకుంటారు. అందుకే మధ్య ఐరోపాలో వంతెనల మీద ఆయన విగ్రహాలు తరచుగా కనిపిస్తాయి.

7. గ్రామంలో సమష్టి జీవనం

ఇళ్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఊరు ఒకటి కాదు. కలిసి చేసే పనులు, కలిసి జరుపుకొనే వేడుకలు ఉండాలి. బొహీమియా పల్లెల్లో సాధారణంగా కనిపించే సమష్టి జీవన రూపాలను ఇప్పుడు చూద్దాం.

పండుగలు: చలికాలం చివర, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలకు ముందు 'మసోపుస్త్' జరుపుతారు. ఎలుగుబంటి, గుర్రం వంటి వేషాలు కట్టి, వాద్యాలతో ఇంటింటికీ తిరుగుతారు. ఇంటివారు తినుబండారాలు, పానీయాలు ఇస్తారు. ఏ ఇంటినీ వదలకుండా తిరగడం ఇందులో ముఖ్యం. ఊరిలో ఎవరెవరు ఉన్నారో ఏడాదికి ఒకసారి అందరూ గుర్తుచేసుకోవడం లాంటిది ఇది. తూర్పు బొహీమియాలోని హ్లినెట్స్కో ప్రాంతపు మసోపుస్త్ ఊరేగింపులకు 2010లో యునెస్కో గుర్తింపు లభించింది.

ఏప్రిల్ 30 రాత్రి మంటలు వేసి, చలికాలానికి వీడ్కోలు పలుకుతారు. ఊరి యువకులు కొమ్మలు నరికి, బెరడు ఒలిచి, కొనన పచ్చని చివురు మాత్రం ఉంచిన పొడవైన చెట్టు మానును రంగు పట్టీలతో అలంకరించి నావెస్‌లో నిలబెడతారు. దీన్ని 'మాయ్క' అంటారు. పొరుగూరి కుర్రాళ్లు వచ్చి దాన్ని నరికితే ఊరికి తలవంపులు. అందుకని రాత్రంతా కాపలా కాస్తారు.

కోతలు ముగిశాక 'దోఝింకి' జరుపుతారు. వెన్నులతో అల్లిన కిరీటాన్ని కూలీలు రైతుకు సమర్పిస్తారు. రైతు వారికి విందు ఇస్తాడు. ఏడాదంతా ఉన్న అంతరాలు ఆ పూటకు సడలుతాయి, పూర్తిగా పోవు. శరత్తులో చర్చి వార్షికోత్సవమైన 'పోస్వీత్సెనీ' వస్తుంది. ఒక్కో ఊరు ఒక్కో రోజు జరుపుకోవడంతో, చుట్టాలందరూ అన్ని ఊళ్లకూ తిరుగుతూ పనులు మానేస్తున్నారని రెండో జోసెఫ్ దీనికి అక్టోబరు మూడో ఆదివారాన్ని ఉమ్మడి దినంగా నిర్ణయించాడు. పల్లెవాళ్లు చక్రవర్తి పండుగనూ జరుపుకున్నారు, తమ పాత పండుగనూ వదల్లేదు.

సంఘాలు: పందొమ్మిదో శతాబ్దపు రెండో భాగంలో కొత్త రకం సంఘాలు పుట్టాయి. వ్యాయామ, జాతీయ చైతన్య సంస్థ అయిన 'సోకోల్' 1862లో ప్రాగ్‌లో మొదలైంది. మొదటి చెక్ స్వచ్ఛంద అగ్నిమాపక దళం 1864లో వెల్వారీ పట్టణంలో ఏర్పడింది. అనతి కాలంలోనే ఈ దళాలు పల్లెపల్లెకూ పాకాయి. మంటలు ఆర్పడం వారి పని. కాని నృత్యోత్సవాలు, నాటకాలు, వరదలప్పుడు సహాయం, అంత్యక్రియల్లో గౌరవ వందనం వంటివి కూడా వారే చూసుకునేవారు. నేటికీ చిన్న చెక్ గ్రామాల్లో చురుకుగా ఉన్న సంఘం చాలాచోట్ల ఇదే.

రైతుల పరస్పర పరపతి సంఘాలను 'కంపెలిచ్క' అని పిలిచేవారు. పొదుపు సంఘాల కోసం ప్రచారం చేసిన ఫ్రాంతిషెక్ సిరిల్ కంపెలీక్ పేరు మీద ఆ మాట వచ్చింది. వడ్డీ వ్యాపారి పట్టు నుంచి చిన్న రైతును తప్పించడం వాటి ఉద్దేశం.

గ్రామ చరిత్ర పుస్తకం: 1918లో చెకోస్లొవేకియా స్వతంత్ర దేశమైంది. 1919 చట్టం ప్రకారం గ్రామాలు ప్రజా గ్రంథాలయాలు నెలకొల్పాలి. 1920 చట్టం ప్రకారం ప్రతి గ్రామమూ తన చరిత్రను ఏటేటా రాసి ఉంచాలి. ఆ పుస్తకాన్ని 'క్రోనిక' అంటారు. ఊరి ఉపాధ్యాయుడో, చదువుకున్న రైతో దాన్ని రాసేవారు. వాన, పంట, ధరలు, పెళ్లిళ్లు, మరణాలు, ఎన్నికలు అన్నీ అందులోకి ఎక్కేవి. రాజుల చరిత్రలో చోటు దక్కని ఊళ్లకు తమ చరిత్ర తామే రాసుకునే అవకాశం దీనివల్ల వచ్చింది.

హొస్పొద: ఊరి భోజన, పానశాలను 'హొస్పొద' అంటారు. సంఘాల సమావేశాలు, పేకాట, పెళ్లి చర్చలు, రాజకీయ వాదాలు అక్కడే. మన పల్లెల్లో రచ్చబండ చేసే పనిలో చాలాభాగం అక్కడ హొస్పొద చేస్తుంది. హొస్పొద మూతపడితే ఊరు సగం చచ్చినట్లేనని భావించేవారు నేటికీ ఉన్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) జానపద బరోక్ శైలి పల్లెల్లో వ్యాపించడానికి మూడు కారణాలు రాయండి.
ఆ) స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు మంటలు ఆర్పడంతోపాటు ఏయే పనులు చేసేవి?

8. ఇరవయ్యో శతాబ్దం: రెండోసారి ఖాళీ అయిన ఊరు

చెకోస్లొవేకియాలో చెక్కులు, స్లొవాకులతోపాటు 30 లక్షలకు పైగా జర్మన్లు ఉండేవారు. వారిలో ఎక్కువమంది సరిహద్దు ప్రాంతాల్లో నివసించేవారు. 1938 సెప్టెంబరులో జరిగిన మ్యూనిక్ ఒప్పందంతో ఆ సరిహద్దు ప్రాంతాలు హిట్లర్ జర్మనీ వశమయ్యాయి. 1939 మార్చిలో మిగిలిన చెక్ భూభాగాన్ని కూడా జర్మన్ సేనలు ఆక్రమించాయి.

ఆక్రమణ కాలపు క్రూరత్వానికి లిదిట్సే గ్రామం గుర్తుగా నిలిచింది. 1942లో నాజీ అధికారి రైన్‌హార్డ్ హైడ్రిచ్ హత్యకు ప్రతీకారంగా జూన్ 10న ఆ ఊరిలో 173 మంది పురుషులను కాల్చి చంపారు. స్త్రీలను నిర్బంధ శిబిరానికి తరలించారు. పిల్లల్లో 82 మందిని విషవాయువుతో చంపారు. ఇళ్లను తగులబెట్టి, పేల్చి, నేలమట్టం చేశారు. ఊరి పేరును పటంలోంచి తుడిచివేయాలన్నది వారి సంకల్పం. యుద్ధం తరవాత బతికివచ్చిన స్త్రీల కోసం పాత స్థలానికి సమీపంలో కొత్త లిదిట్సేను నిర్మించారు.

ఇటువంటి అనుభవాల నేపథ్యంలో యుద్ధం ముగియగానే జర్మన్ మాట్లాడే ప్రజలందరి మీదా ఆగ్రహం విరుచుకుపడింది. 1945లో విజేత దేశాల పోట్స్‌డామ్ సమావేశం వారి తరలింపును ఆమోదించింది. 1945-46లో దాదాపు 30 లక్షల మంది జర్మన్లను దేశం నుంచి పంపించివేశారు. మొదటి నెలల్లో జరిగిన హింసలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నాజీలతో చేతులు కలిపినవారూ, ఏ పాపం ఎరుగనివారూ ఒకే విధంగా ఊరు విడవవలసి వచ్చింది. నేరం వ్యక్తులది, శిక్ష సమూహానిది.

హోలషోవిట్సే జర్మన్ కుటుంబాలు కూడా వెళ్లిపోయాయి. ప్లేగు తరవాత వచ్చిన కుటుంబాల వారసత్వంతో, మూడు నాలుగు వందల ఏళ్లు ఆ నేలను దున్నిన సమాజం అది. గోడల మీద సంవత్సరం వేయించుకున్న ఇళ్లు యజమానులు లేక మిగిలాయి. చాలా ఇళ్లు పాడుబడ్డాయి.

1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ అధికారం చేపట్టింది. 1949లో సమష్టి వ్యవసాయ సంఘాల చట్టం వచ్చింది. రైతులు భూములు, పశువులు, పనిముట్లు సంఘానికి అప్పగించాలి. నిరాకరించిన పెద్ద రైతులకు 'కులక్' అనే ముద్ర వేశారు. కొన్ని కుటుంబాలను సొంత ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. 1960 నాటికి వ్యవసాయ భూమిలో అత్యధిక భాగం సంఘాల, ప్రభుత్వ క్షేత్రాల చేతిలోకి వెళ్లింది. గట్లు దున్నేసి పొలాలను కలిపివేశారు. ఇంటి వెనుక పొలం ఉన్నా, ఆ పొలంతో ఇంటికి ఉన్న సంబంధం తెగిపోయింది. దోఝింకి పండుగ కూడా సంఘం పేరిట జరిగే అధికారిక ఉత్సవంగా మారింది.

ఆ కాలంలోనే చిన్న ఊళ్లను పెద్ద గ్రామాల్లో కలిపారు. పాఠశాల, దుకాణం, కొత్త ఇళ్లు ఎంపికచేసిన కేంద్ర గ్రామాలకే దక్కాయి. కేంద్రం కాని ఊళ్లలో కొత్త నిర్మాణాలకు అనుమతి దొరకడం కష్టమైంది. చాలా చెక్ గ్రామాల్లో ఈ దశాబ్దాల్లో పాత ఇళ్ల ముఖాలను పడగొట్టి, పెద్ద కిటికీలు, చదునైన గోడలు కట్టారు. హోలషోవిట్సేలో అలా జరగలేదు. ఆధునికీకరణ ఆ ఊరిని దాటి వెళ్లింది. నేడు మనం మెచ్చుకునే సంపూర్ణత వెనుక ఉన్నది ప్రేమతో కూడిన సంరక్షణ ఒక్కటే కాదు. బహిష్కరణ, నిర్లక్ష్యం కూడా ఉన్నాయి.

9. 1990 తరవాత: వారసత్వ గ్రామం, సజీవ గ్రామం

1989 నవంబరులో కమ్యూనిస్టు పాలన శాంతియుతంగా ముగిసింది. 1990లో గ్రామాలకు మళ్లీ స్వపరిపాలన వచ్చింది. బలవంతంగా కలిపిన ఊళ్లు అనేకం విడిపోయి తమ స్తరోస్తను తామే ఎన్నుకున్నాయి. కోటికి పైగా జనాభా గల ఈ దేశంలో నేడు 6,200కు పైగా స్వపరిపాలన గ్రామాలు, పట్టణాలు ఉన్నాయి. వీటిలో సగానికి పైగా 500 మంది కంటే తక్కువ జనాభా గలవి. హోలషోవిట్సే మాత్రం నేటికీ పొరుగునే ఉన్న యాంకోవ్ గ్రామ పాలనలో భాగంగానే ఉంది. ప్రపంచ వారసత్వ జాబితాలో పేరున్న ఊరికి సొంత గ్రామాధ్యక్షుడు లేడు.

1990 నుంచి ఇళ్ల పునరుద్ధరణ ఊపందుకుంది. ఖాళీ ఇళ్లలో మళ్లీ మనుషులు చేరారు. 1998లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మధ్య ఐరోపా సంప్రదాయ గ్రామానికి ఇది అసాధారణమైన సంపూర్ణత గల ఉదాహరణ అన్నది ఆ గుర్తింపుకు ఆధారం. ఏటా జూలైలో జరిగే రైతు ఉత్సవంలో కుండలు, బుట్టలు, కొయ్య వస్తువులు చేసే వృత్తిపనివారు నావెస్‌లో కొలువుదీరుతారు.

గుర్తింపుతోపాటు కొత్త ప్రశ్నలు వచ్చాయి. కింది మూడింటిని ఆలోచించండి.

ఒకటి, ఇంటి ముఖం ఎవరిది? యజమాని కిటికీ మార్చాలన్నా, రంగు వేయాలన్నా వారసత్వ నిబంధనలు పాటించాలి. ఇల్లు సొంతం, దాని రూపం మాత్రం అందరిదీ. ఖర్చు ఎవరు భరించాలి, ఎంత భరించాలి అన్న చర్చ వారసత్వ గ్రామాలన్నింటిలోనూ ఉంది.

రెండు, సందర్శకుల వల్ల ఆదాయం వస్తుంది, ఇబ్బందీ వస్తుంది. వాకిలి తలుపు తెరిస్తే కెమెరాలు ఎదురయ్యే చోట రోజువారీ బతుకు సాగించడం తేలిక కాదు. నూటయాభై మందికి లోపు ఉన్న ఊరిలో ఈ ఒత్తిడి మరింత తెలుస్తుంది.

మూడు, ఆ ఇళ్లు కట్టినవారి జ్ఞాపకానికి చోటెక్కడ? హోలషోవిట్సే నేడు చెక్ గ్రామీణ సంస్కృతికి ప్రతీకగా ప్రసిద్ధం. కాని ఆ ఇళ్లలో చాలావాటిని కట్టించుకున్నవారు జర్మన్ మాట్లాడే రైతులు. అమరిక మధ్యయుగపు బొహీమియాది. శైలి ఎల్లలు లేని మధ్య ఐరోపాది. నేటి సంరక్షణ చెక్ పౌరులది. ఏ ఒక్కరి పేరు చెప్పినా కథ సగమే అవుతుంది. 1997లో చెక్, జర్మన్ ప్రభుత్వాలు సంయుక్త ప్రకటన చేసి, నాజీ ఆక్రమణ వల్లా, బహిష్కరణ వల్లా నిరపరాధులకు జరిగిన అన్యాయాలకు విచారం తెలిపాయి. పోయిన సమాజం తిరిగి రాదు. దాని గురించి నిజం చెప్పుకోవడం మాత్రం సాధ్యమే.

10. సారాంశం

హోలషోవిట్సే పదమూడో శతాబ్దంలో ఒక పథకం ప్రకారం ఏర్పడిన గ్రామం. 1292 నుంచి 1848 వరకు విష్షీ బ్రోద్ మఠం అధీనంలో ఉంది. 1520-25 ప్లేగుతో ఖాళీ అయి, జర్మన్ రైతుల రాకతో మళ్లీ నిండింది. వెట్టి రద్దు తరవాత రైతులు సంపాదించిన ఆత్మగౌరవం జానపద బరోక్ ఇళ్లలో వ్యక్తమైంది. పండుగలు, అగ్నిమాపక దళాలు, పరపతి సంఘాలు, క్రోనిక, హొస్పొద చెక్ పల్లె సమష్టి జీవనానికి ఆధారాలయ్యాయి. 1945-46 బహిష్కరణతో ఊరు రెండోసారి తన మనుషులను పోగొట్టుకుంది. 1990 తరవాత పునరుద్ధరణ పొంది, 1998లో ప్రపంచ వారసత్వ గ్రామమైంది.

దీని నుంచి మనం గ్రహించవలసినది ఒకటుంది. గ్రామపు నేలా, మనుషులూ, కట్టుబాట్లూ ఒకే వేగంతో మారవు. హద్దులు ఏడు వందల ఏళ్లు నిలవవచ్చు, మనుషులు ఒక్క ఏడాదిలో చెదిరిపోవచ్చు. కట్టడాలను కాపాడటానికి నిధులు, నిబంధనలు చాలు. ఊరిని కాపాడాలంటే అందులో ఉండేవారికి బతుకుతెరువూ, ఒకరి ఇంటికి ఒకరు వెళ్లే కారణమూ కావాలి.

11. ముఖ్య పదాలు

నావెస్: గ్రామం మధ్యలోని ఉమ్మడి స్థలం.
రొబొట: ప్రభువు కోసం రైతు చేయవలసిన వెట్టి.
సెద్లాక్: పూర్తి కమతం గల రైతు.
వీమ్యెనెక్: కమతం అప్పగించిన వృద్ధ తల్లిదండ్రుల పోషణ ఒప్పందం.
స్తరోస్త: ఎన్నికైన గ్రామాధ్యక్షుడు.
క్రోనిక: ఏటేటా రాసి ఉంచే గ్రామ చరిత్ర పుస్తకం.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హోలషోవిట్సే గ్రామ జనాభాలో పదహారో, ఇరవయ్యో శతాబ్దాల్లో వచ్చిన మార్పులను పోల్చండి. కారణాల్లోనూ ఫలితాల్లోనూ ఉన్న తేడాలను చర్చించండి.
2. చెక్ గ్రామాల్లో సమష్టి జీవనాన్ని నిలిపిన సంస్థలను, ఆచారాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1848 వెట్టి రద్దు చట్టంలోని ముఖ్యాంశాలు రాయండి.
2. సమష్టి వ్యవసాయం ఇంటికీ పొలానికీ ఉన్న సంబంధాన్ని ఎలా మార్చింది?
3. వారసత్వ గుర్తింపు గ్రామస్థులకు తెచ్చే ప్రయోజనాలు, ఇబ్బందులు తెలపండి.

III. అభ్యాసం
మీ ఊరిలో ఊరందరిదీ అని చెప్పుకొనే స్థలం ఒకదాన్ని ఎంచుకోండి. చెరువు కావచ్చు, రచ్చబండ కావచ్చు, బడి ఆవరణ కావచ్చు. అక్కడ ఎవరు చేరతారు, ఎవరు చేరరు, యాభై ఏళ్ల కిందట ఎవరు చేరేవారు అన్న విషయాలను ఇద్దరు వృద్ధులను అడిగి, రెండు పుటల్లో రాయండి.